పరీక్ష అనగానే కలిగే ఆందోళనను మూర్తిమత్వ సిద్ధాంతాలు ఎలా వివరిస్తాయి?

సందేహి (ప్రశ్న):

నమస్కారం. నేను మనోవిజ్ఞాన శాస్త్రంలో పీజీ చదువుతున్నాను. సెమినార్ కోసం పరీక్షా ఆందోళనను అంశంగా తీసుకుని, మూర్తిమత్వ సిద్ధాంతాలు దానిని ఎలా వివరిస్తాయో రాయాలని పూనుకున్నాను. పాఠ్యపుస్తకాలలో ఒక్కొక్క సిద్ధాంతకర్తకు ఒక్కొక్క అధ్యాయం కేటాయిస్తారు గానీ, ఒకే సమస్యను వాళ్లందరి ముందూ పెట్టి, ఎవరి వివరణ ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూపించే చర్చ నాకు ఎక్కడా కనిపించలేదు.

నన్ను వేధిస్తున్న ప్రశ్నలు మూడు. సమానంగా చదివిన ఇద్దరిలో ఒకరికి ప్రశ్నపత్రం చూడగానే చదివినదంతా మనసులోంచి చెరిగిపోయినట్లవుతుంది. మరొకరు కొంత కంగారుపడినా రాసుకుంటూ పోతారు. ఈ తేడాకు మూలం పుట్టుకతో వచ్చిన స్వభావమా, పెరిగిన తీరా, లేక ఆ క్షణంలో తలలో మెదిలే ఆలోచనలా? రెండవది, ఏటా మంచి మార్కులు తెచ్చుకుంటున్నవారిలో కూడా కొందరికి ప్రతి పరీక్షకూ అదే భయం, అంతే తీవ్రతతో, తిరిగి వస్తుంది. విజయమే ధైర్యాన్ని ఇస్తుందని చెప్పే సిద్ధాంతాలు దీనికి ఏమని బదులిస్తాయి? మూడవది, ఆందోళన ఒక స్థిరమైన లక్షణాంశమే, అంటే మనిషిలో నిలకడగా ఉండే గుణమే, అయితే, దానిని తగ్గించాలని చేసే ప్రయత్నాలకు ఆధారం ఏమిటి?

కొలబద్ద:

మూడవ ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్లే. లక్షణాంశం అంటే ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే స్థితి అని చాలామంది అనుకుంటారు. రేమండ్ కాటెల్ మొదట ప్రతిపాదించి, చార్లెస్ స్పీల్‌బెర్గర్ విస్తరించిన విభజన ప్రకారం ఆందోళన రెండు స్థాయులలో ఉంటుంది. ఒకటి స్థితి ఆందోళన, అంటే ఈ నిమిషంలో గుండె దడ, చెమట, బెదురు రూపంలో అనుభవంలోకి వచ్చేది. రెండవది లక్షణ ఆందోళన, అంటే ఒక సందర్భాన్ని ప్రమాదకరమైనదిగా భావించి అటువంటి స్థితిలోకి జారిపోవడానికి ఒక వ్యక్తిలో ఉన్న సంసిద్ధత. సంసిద్ధత స్థిరంగా ఉన్నంత మాత్రాన అది ప్రతిసారీ బయటపడి తీరాలని లేదు. పరీక్షా ఆందోళనను స్పీల్‌బెర్గర్ ఒక ప్రత్యేక సందర్భానికి కట్టుబడిన లక్షణాంశంగా పరిగణించి, 1980లో 20 అంశాలతో ఒక మాపని, అంటే కొలిచే ప్రశ్నావళి, తయారుచేశారు. అందులో స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. ఈ దృష్టితో చూస్తే, సందర్భాన్ని చూసే చూపును మార్చినా, దానికి శరీరం స్పందించే తీరును మార్చినా ఆందోళన తగ్గాలి. కాబట్టి లక్షణాంశ సిద్ధాంతం చికిత్సకు అడ్డు చెప్పదు.

ఆ మాపనిలో ఉపయోగించిన ఇంకొక విభజన మీ సెమినార్‌కు మరింత అవసరం. 1967లో లీబర్ట్, మోరిస్ పరీక్షా ఆందోళనను చింత, ఉద్వేగం అని రెండుగా విడదీశారు. చింత అంటే ‘తప్పితే ఏమవుతుంది, మిగతావాళ్లు నాకంటే బాగా రాస్తున్నారేమో’ అన్న ఆలోచనల వరస. ఉద్వేగం అంటే శరీరంలో కలిగే అలజడి. ఆ తరువాత వచ్చిన పరిశోధనలలో మార్కుల తగ్గుదలతో గట్టిగా ముడిపడినది చింతే. చేతులు వణుకుతున్నవారు బాగా రాయవచ్చు. నిబ్బరంగా కనిపిస్తూ లోపల చింతలో మునిగినవారు దెబ్బతినవచ్చు.

ఇక పుట్టుకతో వచ్చే స్వభావం సంగతి. హాన్స్ ఐసెంక్ 1967లో, న్యూరాటిసిజం, అంటే తేలికగా కలత చెందే స్వభావం, ఎక్కువగా ఉన్నవారిలో మెదడులో ఉద్వేగాలకు సంబంధించిన లింబిక్ వ్యవస్థ తేలికగా ప్రేరేపితం అవుతుందని ప్రతిపాదించారు. మూర్తిమత్వాన్ని ఐదు ప్రధాన లక్షణాంశాలుగా చూసే ఐదు కారకాల నమూనాను అనుసరించేవారు కూడా పరీక్షా ఆందోళనకు న్యూరాటిసిజంతోనే దగ్గరి సంబంధం చూపుతారు. అయితే నాకు అన్నిటికంటే నిశితంగా అనిపించేది జెఫ్రీ గ్రే సిద్ధాంతం, ముఖ్యంగా 2000లో మెక్‌నాటన్‌తో కలిసి సవరించిన రూపం. అందులో భయం వేరు, ఆందోళన వేరు. ప్రమాదం నుంచి పారిపోవడానికి దారి ఉన్నప్పుడు పనిచేసేది భయం. ప్రమాదం ఉన్నవైపే వెళ్లక తప్పనప్పుడు, అంటే వెళ్లాలన్న లక్ష్యమూ తప్పించుకోవాలన్న లక్ష్యమూ ఢీకొన్నప్పుడు, పుట్టేది ఆందోళన. పరీక్ష అచ్చంగా అటువంటి సందర్భం. కావలసిన ఫలితం ఆ గదిలోనే ఉంది, అవమానం కలిగే అవకాశమూ ఆ గదిలోనే ఉంది. అప్పుడు ప్రవర్తనా నిరోధక వ్యవస్థ చేస్తున్న పనిని ఆపి, ఎక్కడ ముప్పు ఉందో అని పరిసరాలను, పాత జ్ఞాపకాలను వెతకడం మొదలుపెడుతుందని గ్రే అంటారు. ఈ వ్యవస్థ చురుకుదనం మనిషి మనిషికీ వేరు. సమానంగా చదివిన ఇద్దరూ ఒకేలా రాయలేకపోవడానికి ఇది నమ్మదగిన కారణం: ప్రశ్నకు జవాబు వెతకవలసిన మనసు, ముప్పును వెతకడంలో పడుతుంది.

హాన్స్ ఐసెంక్ కుమారుడు మైకేల్ ఐసెంక్ 1992లో కాల్వోతో కలిసి, మళ్లీ 2007లో మరికొందరితో కలిసి చెప్పినది దీనికి చక్కగా అతుకుతుంది. ఆందోళన మొదట దెబ్బతీసేది పని ఫలితాన్ని కాదు, పని సామర్థ్యాన్ని. అంటే ఆందోళనపరులు అదే ఫలితాన్ని రెట్టింపు శ్రమతో సాధిస్తూ ఉండవచ్చు; ప్రశ్న కఠినమై, వర్కింగ్ మెమరీ (పని చేస్తున్నంతసేపు విషయాలను మనసులో నిలుపుకునే జ్ఞాపకశక్తి) మీద భారం పెరిగి, అదనపు శ్రమకు కూడా చోటు లేనప్పుడే మార్కులు పడిపోతాయి.

ఒక చిన్న హెచ్చరిక. ‘కొద్దిపాటి ఆందోళన మంచిదే’ అని చెప్పడానికి అందరూ యెర్క్స్, డాడ్సన్‌ల 1908 నాటి ప్రయోగం పేరుతో, ఉద్రేకం మధ్యస్థంగా ఉన్నప్పుడే పని బాగా సాగుతుందని చూపే వక్రరేఖను గీస్తారు. ఆ ప్రయోగం చిట్టెలుకలకు విద్యుత్ షాకులు ఇస్తూ వెలుగు చీకట్ల తేడాను నేర్పించడం గురించి. మనుషుల పరీక్షా ఆందోళనకు దానిని సూటిగా అన్వయించకండి. ఆ వాదన మీకు కావాలంటే, ఆల్పర్ట్, హేబర్ 1960లో సహాయపడే ఆందోళనను, కుంగదీసే ఆందోళనను వేరువేరుగా కొలిచిన పద్ధతిని ఉదహరించడం మేలు.

అంతర్వాహిని:

కొలబద్ద గారు చెప్పినది స్పష్టంగా ఉంది. కాని లక్షణాంశ వివరణలో ఒక వలయం ఉందని గమనించాలి. ఇతనికి ఆందోళన ఎందుకు ఎక్కువ అంటే న్యూరాటిసిజం ఎక్కువ కాబట్టి అంటారు. న్యూరాటిసిజం ఎక్కువని ఎలా తెలిసిందంటే ఆందోళనను గురించిన ప్రశ్నలకు అవునని జవాబిచ్చాడు కాబట్టి అంటారు. గ్రే వంటివారు మెదడు దాకా వెళ్లి ఈ వలయాన్ని తెంచే ప్రయత్నం చేసినమాట నిజమే. అయినా పరీక్ష అన్న ఒక కాగితపు వ్యవహారం ఒక మనిషికి ముప్పుగా ఎందుకు మారింది, ఆ ముప్పుకు అర్థం ఏమిటి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. మీ రెండవ ప్రశ్నకు జవాబు అక్కడ వెతకాలని నా అభిప్రాయం.

ఫ్రాయిడ్‌ను ఇటువంటి చర్చలలో ఒక్క వాక్యంతో దాటవేయడం అలవాటైపోయింది. అయితే పరీక్షల కలల గురించి ఆయన 1900లోనే రాసిన విషయం మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. పరీక్ష తప్పుతున్నట్లు వచ్చే కలలు ఆ పరీక్షలో నెగ్గినవారికే వస్తాయన్న పరిశీలనను ఆయన చర్చించారు. తాను న్యాయవైద్యంలో తప్పినా దాని గురించి ఎప్పుడూ కల రాలేదనీ, నెగ్గిన వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రాలే కలలో పరీక్షలై వచ్చేవనీ రాశారు. మరునాడు బాధ్యతతో కూడిన పని ఏదో ఎదురుకానున్నప్పుడు, ‘అప్పుడు కూడా ఇలాగే భయపడ్డావు, ఏమీ కాలేదు కదా’ అని మనసు తనను తాను ఊరడించుకోవడమే ఆ కల అని ఆయన వివరణ. దాని అడుగున, తప్పు చేసినందుకు చిన్ననాడు పడిన శిక్షల జ్ఞాపకాలు చెరగకుండా ఉంటాయని కూడా అన్నారు. ఆ వివరణను అంగీకరించినా అంగీకరించకపోయినా, నెగ్గడం వలన భయం పోదన్న గమనింపు మాత్రం విలువైనది.

1926 నాటికి ఫ్రాయిడ్ ఆందోళనను అహం (ఈగో, వాస్తవంతో వ్యవహరించే మనోభాగం) ఇచ్చే ప్రమాద సంకేతంగా చూశారు. బయటి ప్రపంచం నుంచి, అచిత్తు (ఇడ్, సహజ కోరికల మూలం) నుంచి, అధ్యహం (సూపర్ ఈగో, తప్పొప్పులు ఎంచే అంతరాత్మ) నుంచి ముప్పు వస్తుందనుకున్నప్పుడు అహం ఆ సంకేతాన్ని ఇస్తుంది. ఫెయిలైతే సీటు పోతుందన్న భయం మొదటి రకం. మంచి మార్కులు వచ్చినా ‘ఇంకా చదవవలసింది, నేను బద్ధకస్తుణ్ణి’ అని వేధించేది మూడవ రకం. దానికి పరీక్ష ఒక సాకు మాత్రమే. సేమూర్ సారసన్ బృందం 1960లో బడిపిల్లల ఆందోళనపై వెలువరించిన అధ్యయనం ఈ మార్గంలోనే నడిచింది. తల్లిదండ్రులు తనను ఎల్లవేళలా తూకం వేస్తున్నారని భావించే పిల్లవాడిలో కోపం పుడుతుంది, వారిపై ఆధారపడి ఉన్నాడు కనుక దానిని వెళ్లగక్కలేడు, ఆ కోపమే తనమీదికి తిరిగి తనను తాను తక్కువ చేసుకోవడంగా మారుతుంది. తరువాత పరీక్ష పెట్టే ప్రతి పెద్దమనిషీ ఆ తల్లిదండ్రుల స్థానంలో నిలుస్తాడు.

కార్ల్ రోజర్స్ ఇదే విషయాన్ని అచేతనం జోలికి పోకుండా చెప్పారు. ప్రేమ, ఆదరణ కొన్ని షరతుల మీదనే దొరుకుతాయని పిల్లలు గ్రహించినప్పుడు, ఆ షరతులను తమలోకి తీసుకుని తమ విలువను వాటితోనే కొలుచుకుంటారు. ‘మార్కులు వస్తేనే నేను మనిషిని’ అన్నది అటువంటి షరతు. దాని స్వభావం వడ్డీ కట్టడం వంటిది: ఈసారి చెల్లించినంత మాత్రాన అసలు తీరదు, మళ్లీ గడువు వస్తుంది. విజయం షరతును ఒకసారి నెరవేరుస్తుందే తప్ప రద్దు చేయదు. అందువలన రోజర్స్ ప్రకారం, మీరు చెప్పిన విద్యార్థికి ఎన్ని విజయాలు ఇచ్చినా భయం తగ్గదు. కరెన్ హార్నీ, ‘ఇలా ఉండి తీరాలి’ అన్న లోపలి ఆజ్ఞల నియంతృత్వం అని పేర్కొన్నదానికీ దీనికీ తేడా తక్కువే.

జార్జ్ కెల్లీని సెమినార్‌లో వదిలిపెట్టవద్దని మనవి. 1955లో ఆయన ఆందోళనకూ ముప్పుకూ స్పష్టమైన గీత గీశారు. జరుగుతున్నది తన భావనల పరిధిలోకి రాదని గ్రహించినప్పుడు కలిగేది ఆందోళన. తన గురించి తాను ఏర్పరచుకున్న మూల భావనలే పెద్దఎత్తున మారవలసి వస్తుందని గ్రహించినప్పుడు కలిగేది ముప్పు. పాఠం అర్థంకాని విద్యార్థికి ప్రశ్నపత్రం తన పరిధిలో లేనిది, కాబట్టి అతనిది ఆందోళన. ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండే విద్యార్థికి ప్రశ్నపత్రం పూర్తిగా పరిధిలోనే ఉంటుంది. కాని ఒక్కసారి వెనకబడితే ‘నేను ఎవరు’ అన్న దానికి జవాబు మారిపోతుంది. బయటికి ఇద్దరూ ఒకేలా వణుకుతారు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం వృథా.

సందేహి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కెల్లీ భేదం నాకు కొత్త. అయితే బాండురా ప్రకారం, స్వయంగా సాధించిన విజయమే స్వీయ సామర్థ్య విశ్వాసానికి, అంటే ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకానికి, అన్నిటికంటే బలమైన ఆధారం కదా. రోజర్స్ మాట నిజమైతే బాండురా మాట ఎలా నిలుస్తుంది? మరొక సంగతి. ఆందోళన ఎక్కువగా ఉన్నవారు ఎక్కువగా చదవాలి అనుకుంటాం. కాని పరీక్ష దగ్గరపడేకొద్దీ పుస్తకం తెరవకుండా, వేరే పనులు కల్పించుకునేవారు కూడా ఉన్నారు. వారిని ఏ సిద్ధాంతం వివరిస్తుంది?

తరగతిగది:

నేను విద్యార్థులకు సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి, సాంఘిక అభ్యసన మార్గం నుంచి, అంటే మనిషి తన అనుభవాల నుంచి, ఇతరులను చూడటం నుంచి నేర్చుకుంటాడన్న దృష్టితో, జవాబిస్తాను.

బాండురా 1977లో స్వీయ సామర్థ్య విశ్వాసానికి నాలుగు ఆధారాలు చెప్పారు: స్వయంగా సాధించిన అనుభవాలు, తనవంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీరస్థితిని తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే బలమైనదన్నది నిజం. కాని విజయం తనంతట తాను విశ్వాసంగా మారుతుందని ఆయన అనలేదు. ఆ విజయాన్ని వ్యక్తి ఎలా లెక్కకు తీసుకున్నాడన్నది మధ్యలో ఉంటుంది. ఇక్కడ జూలియన్ రోటర్ పనికివస్తారు. పని ఫలితం నైపుణ్యం మీద ఆధారపడిందని నమ్మినవారిలో విజయం తరువాత అంచనా పెరిగినంతగా, అదృష్టం మీద ఆధారపడిందని నమ్మినవారిలో పెరగదు. 1966లో ఆయన నియంత్రణ స్థానం (ఫలితాలు తన చేతిలో ఉన్నాయా, బయటి శక్తుల చేతిలోనా అన్న నమ్మకం) భావనను విపులంగా వివరించినప్పుడు ఇది ముఖ్యమైన ఆధారం. ‘ఈసారి తేలిక ప్రశ్నలు వచ్చాయి, గట్టెక్కాను’ అనుకునే విద్యార్థి ఖాతాలో ఆ విజయం జమ కాదు.

కాబట్టి మీ రెండవ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి, అవి ఒకే విద్యార్థికి వర్తించనవసరం లేదు. నేను సాధారణంగా రెండు విషయాలు అడుగుతాను. క్రితంసారి మంచి మార్కులు ఎందుకు వచ్చాయని అడిగితే అదృష్టాన్నో, దిద్దినవారి ఔదార్యాన్నో చెప్పేవారు రోటర్ వర్ణించినవారికి దగ్గర. తమ శ్రమ వల్లనే వచ్చాయని తడుముకోకుండా చెప్పి, ఈసారి తగ్గితే ఏమవుతుందని అడగగానే మాట తడబడేవారు రోజర్స్, కెల్లీలు వర్ణించినవారికి దగ్గర. మొదటివారికి చదువుకూ ఫలితానికీ మధ్య ఉన్న లంకెను కళ్లకు కట్టించాలి. రెండవవారికి అదే పని చేస్తే భారం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫలితానికి తామే పూర్తి బాధ్యులమని వారు ముందే నమ్ముతున్నారు. ఇది ప్రామాణిక మాపని కాదు, సంభాషణ మొదలుపెట్టే పద్ధతి మాత్రమే.

చదవకుండా తప్పించుకునేవారి గురించి జాన్ అట్కిన్సన్ 1957లో చెప్పినది చదవండి. ఆయన దృష్టిలో సాధన సందర్భంలో రెండు ప్రేరణలు తలపడతాయి: గెలుపును చేరుకోవాలన్నది ఒకటి, ఓటమిని తప్పించుకోవాలన్నది మరొకటి. ఈ రెండవ ప్రేరణను కొలవడానికి ఆయన బృందం వాడింది, మాండ్లర్, సేమూర్ సారసన్ 1952లో రూపొందించిన పరీక్షా ఆందోళన ప్రశ్నావళినే. ఓటమిని తప్పించుకోవాలన్న కోరిక బలంగా ఉన్నవారు వీలైతే మధ్యస్థమైన కష్టం ఉన్న పనికి దూరంగా ఉంటారు. మరీ తేలికైనదైనా ఎంచుకుంటారు, అసాధ్యమైనదైనా ఎంచుకుంటారు. అసాధ్యమైన పనిలో ఓడితే సిగ్గులేదు కదా. రేపటి పరీక్షకు ఈ రాత్రే పుస్తకం తెరిచే విద్యార్థి మామూలు పరీక్షను అసాధ్యమైన పరీక్షగా మార్చుకుంటున్నాడు.

బెర్గ్లాస్, జోన్స్ 1978లో చేసిన ప్రయోగం దీనికి ఇంకొక మెలిక వేస్తుంది. కొందరికి జవాబులేని ప్రశ్నలు ఇచ్చి, ఊహించి రాసినా బాగా రాశారని చెప్పారు. తరువాతి పరీక్షకు ముందు రెండు మందులలో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి ఆలోచనను చురుకుచేసేదని, మరొకటి మందగింపజేసేదని చెప్పారు. ఎందుకు గెలిచారో తమకే తెలియనివారిలో, ముఖ్యంగా పురుషులలో, మందగింపజేసే మందును ఎంచుకునే ధోరణి ఎక్కువగా కనిపించింది. తమ సామర్థ్యం మీద తీర్పు రాకుండా ముందుగానే ఒక కారణాన్ని సిద్ధం చేసుకోవడం ఇది. ఆధారం తెలియని విజయం ధైర్యానికి బదులు బెదురును ఇవ్వగలదని కూడా దీనివల్ల తెలుస్తుంది. ‘నాకు ఈ ఇబ్బంది లేకపోతేనా’ అనే సాకులతో న్యూనతను కప్పుకోవడాన్ని గురించి ఆడ్లర్ అంతకు చాలా ముందే రాశారు.

కొలబద్ద:

అంతర్వాహిని గారు చూపిన వలయం నిజమే, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాని అంతరార్థ వివరణలకు కూడా ఒక బలహీనత ఉంది: జరిగిపోయిన దానిని అందంగా వివరిస్తాయి, ఎవరు ఎప్పుడు ఆందోళనపడతారో ముందుగా చెప్పడంలో వెనకబడతాయి. సారసన్ బృందం పిల్లల ఆందోళనను జాగ్రత్తగా కొలిచింది. ఆ ఆందోళన వెనుక అణచుకున్న కోపం ఉందన్నది మాత్రం అంత నేరుగా కొలవగలిగిన విషయం కాదు.

అసలు ఇప్పటిదాకా మనమందరం ఒక విషయాన్ని నిజమని తీసుకుని మాట్లాడాం: విద్యార్థికి విషయం తెలుసు, ఆందోళన దానిని బయటికి రానివ్వదు. దీనిని జోక్య సిద్ధాంతం అంటారు. దీనికి ఎదురుగా, చదివే పద్ధతి బలహీనంగా ఉండటం వల్ల విషయం సరిగా ఎక్కదని, ఎక్కలేదన్న స్పృహే ఆందోళనగా మారుతుందని 1980ల నుంచి ఒక వాదన ఉంది. 2022లో థియోబాల్డ్, బ్రైట్‌వీజర్, బ్రోడ్ జర్మనీలో వైద్యవిద్యార్థులు డిజిటల్ వేదికపై పరీక్షకు సిద్ధమైన తీరును పరిశీలించారు. ముందే ఉన్న జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాత, పరీక్షా ఆందోళన అసలు పరీక్షలో ఫలితాన్ని అదనంగా ఏమీ సూచించలేదు. అంటే దెబ్బ పరీక్ష గదిలో కంటే ముందు, చదువుకునే రోజులలోనే తగులుతూ ఉండవచ్చు. ఒక్క అధ్యయనంతో పాత సిద్ధాంతం కూలిపోదు. వైద్యవిద్యార్థులు ఎన్నో పరీక్షలు దాటి వచ్చినవారన్నది కూడా గుర్తుంచుకోవాలి. అయినా మీ మొదటి ప్రశ్నలోని ‘సమానంగా చదివిన ఇద్దరు’ అన్న మాటను నిరూపించవలసిన బాధ్యత మీ మీద పడుతుంది. సమానంగా గంటలు గడిపారా, సమానంగా నేర్చుకున్నారా?

ఇంకొక వైపు, 562 అధ్యయనాలను సమీక్షించిన హెంబ్రీ 1988లో, ఆందోళనను తగ్గించే చికిత్సల తరువాత మార్కులు కూడా మెరుగుపడ్డాయని, అయితే చదువు నైపుణ్యాల శిక్షణ ఒక్కటే ఇస్తే ఆందోళన పెద్దగా తగ్గలేదని తేల్చారు. రెండు పక్షాలకూ ఇది కొంత ఇబ్బంది కలిగించే ఫలితమే.

సందేహి:

నిరూపించడం ఎలా అన్నదే ఇప్పుడు ప్రశ్న. మా తరగతిలోనే చిన్న సర్వే చేసి సెమినార్‌లో చూపిద్దామని ఉంది. ప్రశ్నావళిని ఎప్పుడు ఇవ్వాలి?

కొలబద్ద:

ఫలితాలు వెలువడిన తరువాత మాత్రం ఇవ్వకండి; తక్కువ మార్కులు చూసుకున్నవారు ‘నాకు అప్పుడు చాలా ఆందోళనగా ఉండింది’ అనే గుర్తుచేసుకుంటారు. లక్షణాన్ని కొలిచే ప్రశ్నావళిని పరీక్షల హడావుడి లేని రోజులలో ఇచ్చి, స్థితిని కొలిచే చిన్న ప్రశ్నావళిని మాదిరి పరీక్షకు ముందు ఒకసారి, అసలు పరీక్షకు ముందు ఒకసారి ఇవ్వండి. చింత, ఉద్వేగం స్కోర్లను కలిపేయకుండా విడిగా చూపండి. మాదిరి పరీక్షలో వచ్చిన మార్కులను విషయ జ్ఞానానికి కొలతగా తీసుకుంటే, థియోబాల్డ్ బృందం అడిగిన ప్రశ్ననే మీరూ చిన్న స్థాయిలో అడిగినట్లవుతుంది.

తరగతిగది:

ఒక షరతు కూడా చేర్చండి. స్కోరు బాగా ఎక్కువ వచ్చినవారి పేర్లు మీకు తెలియకుండా సంకేత సంఖ్యలు వాడండి, సహాయం కావాలనుకునేవారు కలవవలసిన సలహాదారు వివరాలు ప్రశ్నావళి చివర అందరికీ ఒకేలా ఇవ్వండి. అసలు పరీక్షకు పది నిమిషాల ముందు ఆందోళన గురించి ప్రశ్నలు అడగడం కొందరిలో దానిని పెంచవచ్చు కాబట్టి, అందుకు మీ విభాగం అనుమతి ముందుగా తీసుకోవడం తప్పనిసరి.